చిన్న ఫైలుకు ఎంత చోటు? డిస్కుకు లెక్క రాసిన గ్యారీ కిల్డాల్

ఫైల్ సైజు ఒక్క కేబీ. డిస్కులో అది ఆక్రమించిన చోటు 4 కేబీ, ఒక్కోసారి 128 కేబీ! ఈ తేడా ఎందుకొస్తుందో తెలిస్తే ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్టులో సగం భయం పోతుంది. చిన్న కంప్యూటర్ల మీద ఈ లెక్కను 1974లోనే వేసుకుని కూర్చున్న మనిషి గ్యారీ కిల్డాల్. ఐబీఎం కాంట్రాక్టు చేజారిన వ్యక్తిగానే ఆయన పేరు ఎక్కువగా వినిపిస్తుంది. ఆయన చేసిన పని ఏమిటో తెలుసుకుంటే మీకు అంతకంటే ఎక్కువ ఉపయోగం.

మీ ల్యాప్‌టాప్‌లో ఏదైనా ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. ‘సైజ్’ అని ఒక అంకె, ‘సైజ్ ఆన్ డిస్క్’ అని ఇంకో అంకె కనిపిస్తాయి. రెండూ సాధారణంగా ఒకటి కావు. చాలామంది డిగ్రీ పూర్తయ్యేదాకా ఈ రెండో అంకెను పట్టించుకోరు. ఇంటర్వ్యూలో ఎవరైనా అడిగితే మాత్రం తడబడతారు.

ఆ రెండో అంకె వెనుక ఉన్న ఆలోచన చాలా సులువు. మీ నోటు పుస్తకమే తీసుకోండి. కొత్త పాఠం వచ్చిన ప్రతిసారీ కొత్త పేజీలో మొదలుపెడతారు. పాఠం నాలుగు లైన్లకే అయిపోయినా ఆ పేజీ అయిపోయినట్టే. మిగిలిన జాగాలో ఇంకో పాఠం రాయరు. డిస్కు కూడా అంతే. డిస్కులో ఉన్న చోటును సమానమైన ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను ఒకే ఫైలుకు ఇస్తారు. ఆ ముక్కనే బ్లాక్ అంటారు. విండోస్ భాషలో క్లస్టర్. పేజీ పెద్దదైతే చిన్న పాఠాలకు కాగితం వృథా. పేజీ మరీ చిన్నదైతే పుస్తకం మొదట్లో ఉండే విషయసూచికే చాంతాడంత అవుతుంది. ఈ రెండింటి మధ్య ఎక్కడ ఆగాలి?

పెద్ద కంప్యూటర్లలో ఈ ప్రశ్న అప్పటికే ఉంది. కానీ మెమరీ పదుల కేబీల్లో, డిస్కు కేవలం 250 కేబీల్లో ఉన్న బుల్లి కంప్యూటర్ మీద దీనికి జవాబు చెప్పడం వేరే సంగతి. కిల్డాల్ చేసింది అదే.

సముద్రం దారి లెక్కల ఇల్లు

కిల్డాల్ 1942 మే 19న అమెరికాలోని సియాటెల్‌లో పుట్టారు. అది రేవు పట్టణం. ఇంట్లోవాళ్లు ఓడ నడిపేవాళ్లకు దారి లెక్కలు నేర్పే స్కూలు నడిపేవారు. తాత మొదలుపెట్టిన ఆ స్కూలును తండ్రి కొనసాగించారు. కిల్డాల్ కూడా కొన్నాళ్లు అక్కడ పాఠాలు చెప్పారు. లెక్కల మాస్టారు కావాలన్నదే ఆయన మొదటి కోరిక. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో గణితం చదవడానికి చేరారు. అక్కడ కంప్యూటర్ పరిచయమయ్యాక మనసు అటు తిరిగింది.

అవి వియత్నాం యుద్ధం రోజులు. సైన్యంలో సేవ తప్పనిసరి. ఆ బాధ్యతలో భాగంగా కాలిఫోర్నియాలోని మాంటెరేలో ఉన్న నావల్ పోస్ట్‌గ్రాడ్యుయేట్ స్కూల్లో కంప్యూటర్ సైన్స్ బోధించే పని దొరికింది. ఒకపక్క పాఠాలు చెబుతూనే 1972లో వాషింగ్టన్ యూనివర్సిటీ నుంచి పీహెచ్‌డీ పూర్తి చేశారు.

ఆ పీహెచ్‌డీ అంశం కంపైలర్లు. ప్రోగ్రాంను నడపకుండానే, అందులో ఏ చోట ఏ విలువ ఉంటుందో ముందే లెక్కగట్టి, అనవసరమైన పనిని తీసేయడం ఎలాగన్నది ఆయన పట్టుకున్న సమస్య. దీని మీద 1973లో ప్రచురించిన పరిశోధన పత్రం డేటా ఫ్లో ఎనాలిసిస్‌కు పునాదుల్లో ఒకటి. కంపైలర్ డిజైన్ చదివేవాళ్లు కిల్డాల్ అల్గారిథమ్ అని ఇప్పటికీ చదువుతున్నది దీన్నే. అంటే ఆపరేటింగ్ సిస్టమ్ రాయకముందే ఆయన పేరు పాఠ్యపుస్తకాల్లోకి వెళ్లే పని ఒకటి చేసేశారన్నమాట.

వేలెడంత చిప్, దానికో డిస్కు

1971 చివర్లో ఇంటెల్ 4004 అనే చిప్ తెచ్చింది. కంప్యూటర్ గుండెకాయ మొత్తం ఒకే చిప్‌లో ఇమిడింది. చాలామంది దాన్ని ట్రాఫిక్ లైట్లకో, కాలిక్యులేటర్లకో పనికొచ్చే వస్తువుగా చూశారు. కిల్డాల్ మాత్రం దాని మీద ప్రోగ్రాములు రాయడం మొదలుపెట్టారు. తర్వాత ఇంటెల్‌కు కన్సల్టెంట్‌గా పనిచేస్తూ 1973లో పీఎల్/ఎం అనే ప్రోగ్రామింగ్ భాషను తయారుచేశారు.

ఇక్కడ ఒక ఇబ్బంది ఎదురైంది. చిప్ చిన్నదే, కానీ దాని కోసం ప్రోగ్రాం రాయాలంటే పెద్ద కంప్యూటర్ దగ్గరికి పోవాలి. రాసిన ప్రోగ్రాంను దాచుకోవడానికి చిల్లులు పొడిచిన కాగితం టేపు. నెమ్మది, చిరాకు. అదే సమయంలో ఫ్లాపీ డిస్కులు మార్కెట్లోకి వస్తున్నాయి. షుగార్ట్ కంపెనీ నుంచి ఒక ఎనిమిది అంగుళాల ఫ్లాపీ డ్రైవ్ కిల్డాల్ చేతికి వచ్చింది. డ్రైవ్ అయితే వచ్చింది, దాన్ని చిప్‌తో కలిపే కంట్రోలర్ బోర్డు లేదు. తనే తయారుచేద్దామని ప్రయత్నించినా కుదరలేదు. చివరికి జాన్ టొరోడ్ అనే మిత్రుడు ఆ బోర్డు తయారుచేసి ఇచ్చారు. 1974లో పసిఫిక్ గ్రోవ్ అనే చిన్న ఊళ్లో మొదటి నమూనా పనిచేసింది. దానికి పెట్టిన పేరు సీపీ/ఎం. చిన్న కంప్యూటర్ల కోసం వచ్చిన తొలి డిస్క్ ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో ముఖ్యమైనది, ఎక్కువమందికి చేరినది ఇదే.

ఒక్క విషయం గమనించండి. హార్డ్‌వేర్ తన చేతకాదని తెలిశాక కిల్డాల్ పని ఆపేయలేదు. తెలిసినవాళ్ల సాయం అడిగారు, తనకు పట్టున్న సాఫ్ట్‌వేర్ మీద కూర్చున్నారు.

250 కేబీలో సంసారం

ఇప్పుడు అసలు లెక్కలోకి వద్దాం. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుంటే ఇంకా మంచిది.

ఆనాటి ఎనిమిది అంగుళాల ఫ్లాపీలో 77 ట్రాకులు. ఒక్కో ట్రాకులో 26 సెక్టార్లు. ఒక్కో సెక్టారులో 128 బైట్లు. మూడింటినీ గుణిస్తే 2,56,256 బైట్లు. అంటే సుమారు 250 కేబీ. మొదటి రెండు ట్రాకులు ఆపరేటింగ్ సిస్టమ్ కోసం పక్కన పెడితే మిగిలేది దాదాపు 243 కేబీ.

సెక్టారు 128 బైట్లే కదా, బ్లాకు కూడా అంతే పెడితే వృథా ఉండదు కదా అనిపించవచ్చు. అలా పెడితే బ్లాకుల సంఖ్య 1,900 దాటుతుంది. ఒక్కో బ్లాకు నంబరు రాయడానికి రెండు బైట్లు కావాలి. ఏ ఫైలు ఏ బ్లాకుల్లో ఉందో రాసుకునే సూచిక బాగా పెరిగిపోతుంది.

కిల్డాల్ ఎనిమిది సెక్టార్లను కలిపి 1 కేబీని ఒక బ్లాకుగా తీసుకున్నారు. అప్పుడు డిస్కు మొత్తం మీద 243 బ్లాకులే. ఒక బైటులో 0 నుంచి 255 దాకా రాయొచ్చు. కాబట్టి ఏ బ్లాకు నంబరైనా సరిగ్గా ఒక్క బైటులో పట్టేస్తుంది.

సూచికలో ఒక్కో ఫైలుకు 32 బైట్ల వరుస. అందులో ఒక బైటు యూజర్ నంబరుకు, 8 బైట్లు పేరుకు, 3 బైట్లు పేరు చివర వచ్చే ఎక్స్‌టెన్షన్‌కు, 4 బైట్లు లెక్కలకు. మిగిలిన 16 బైట్లలో 16 బ్లాకు నంబర్లు. అంటే ఒక వరుసతో 16 కేబీ ఫైలు దాకా నడుస్తుంది. ఫైలు అంతకన్నా పెద్దదైతే ఇంకో వరుస. మొత్తం 64 వరుసలు, వాటికి 2 కేబీ. అవి పోగా ఫైళ్లకు మిగిలేది 241 కేబీ.

ఇందులో ఉన్న పొదుపు చూశారా? ఖాళీ బ్లాకులు ఏవో రాసి ఉంచే జాబితా డిస్కు మీద అసలు లేదు. డిస్కు పెట్టగానే సూచిక మొత్తం చదివి, వాడిన బ్లాకులేవో మెమరీలో ఒక్కో బ్లాకుకు ఒక్కో బిట్ చొప్పున గుర్తు పెట్టుకునేది. 243 బ్లాకులకు 31 బైట్లు చాలు.

పొదుపుకు మూల్యం కూడా ఉంది. 128 బైట్ల చిన్న ఫైళ్లు 64 తయారుచేశారనుకోండి. అసలు సమాచారం 8 కేబీ. ఒక్కో ఫైలుకు ఒక బ్లాకు చొప్పున పోయింది 64 కేబీ. అంతకంటే ఘోరం, సూచికలో 64 వరుసలూ నిండిపోయాయి. డిస్కులో ఇంకా 177 కేబీ ఖాళీగా ఉన్నా 65వ ఫైలు పెట్టలేరు! చోటుంది, పేరు రాసుకోవడానికి వరుస లేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ పనికొస్తుంది.

ఇంకో చిన్న విశేషం. సీపీ/ఎం ఫైలు పొడవును బైట్లలో రాసుకోదు, 128 బైట్ల రికార్డుల్లోనే లెక్కపెడుతుంది. మరి ఉత్తరం ఎక్కడ ముగిసిందో ఎలా తెలుస్తుంది? చివర్లో కంట్రోల్-జెడ్ అనే గుర్తు పెట్టేవారు. డాస్‌లో కంట్రోల్-జెడ్ కొట్టి ఫైలు ముగించే అలవాటు ఇక్కడి నుంచి వచ్చిందే.

హార్డ్ డిస్క్ రాగానే లెక్క తిరగబడింది

కిల్డాల్, ఆయన భార్య డోరతీ కలిసి పెట్టిన కంపెనీయే డిజిటల్ రీసెర్చ్. వ్యాపార వ్యవహారాలు డోరతీ చూసుకునేవారు. మొదట్లో సీపీ/ఎం ధర 70 డాలర్లు. ఒక్కో కంపెనీ కంప్యూటర్ ఒక్కో రకంగా ఉండటంతో ప్రతిదానికీ మళ్లీ మొదటి నుంచి రాయాల్సి వచ్చేది. దాంతో కిల్డాల్ హార్డ్‌వేర్‌తో మాట్లాడే భాగాన్ని విడదీసి దానికి బయోస్ అని పేరు పెట్టారు. కొత్త మెషీన్ వస్తే ఆ చిన్న భాగం మార్చుకుంటే చాలు. మీ కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు వినే బయోస్ అన్న మాటకు మూలం అదే. వర్డ్‌స్టార్, డీబేస్ లాంటి ప్రోగ్రాములు సీపీ/ఎం మీదే పేరు తెచ్చుకున్నాయి.

ఇంతలో హార్డ్ డిస్కులు వచ్చాయి. ఒక కేబీ బ్లాకు, ఒక బైటు నంబరు అన్న పాత లెక్క వాటికి చాలదు. 1979లో వచ్చిన సీపీ/ఎం 2లో కిల్డాల్ ఒక మార్పు చేశారు. బ్లాకు సైజును సిస్టమ్‌లో బిగించేయకుండా ఒక పట్టికలో పెట్టారు. ఆ పట్టిక బయోస్‌లో ఉంటుంది. కంప్యూటర్ తయారుచేసే కంపెనీయే 1, 2, 4, 8, 16 కేబీల్లో ఒకటి ఎంచుకోవచ్చు. ఒక డ్రైవ్ 8 ఎంబీ దాకా ఉండొచ్చు.

8 ఎంబీ డ్రైవ్‌కు ఏది ఎంచుకోవాలి? మీరే ఆ ఇంజినీర్ అనుకుని చూడండి.

2 కేబీ బ్లాకు అయితే 4,096 బ్లాకులు. ఖాళీలు గుర్తుపెట్టుకోవడానికి మెమరీలో 512 బైట్లు. 16 కేబీ బ్లాకు అయితే 512 బ్లాకులే, మెమరీలో 64 బైట్లు చాలు. మొత్తం మెమరీయే 64 కేబీ దాటని రోజుల్లో ఇది చిన్న తేడా కాదు. పైగా బ్లాకులు 256 దాటితే నంబరుకు రెండు బైట్లు కావాలి కాబట్టి సూచిక వరుసలో 16 నంబర్లకు బదులు 8 మాత్రమే పడతాయి. పెద్ద బ్లాకు అయితే ఆ 8 నంబర్లతోనే పెద్ద ఫైలు నడుస్తుంది.

మరి చిన్న ఫైళ్ల మాటేమిటి? ఆఫీసులో 1 కేబీ ఉత్తరాలు 100 ఉన్నాయనుకుందాం. 2 కేబీ బ్లాకులో అవి 200 కేబీ తింటాయి. 16 కేబీ బ్లాకులో 1,600 కేబీ! 8 ఎంబీ డిస్కులో దాదాపు ఐదో వంతు, 100 కేబీ సమాచారానికి. అలాంటి చిన్న ఉత్తరాలు 500 పైచిలుకు అయ్యేసరికి డిస్కే నిండిపోతుంది.

అందుకే ఒకే సరైన సైజు అంటూ లేదు. ఆ డిస్కులో ఎలాంటి ఫైళ్లు పెడతారో తెలిసినవాళ్లే నిర్ణయించాలి. కిల్డాల్ ఆ నిర్ణయాన్ని పట్టికలోకి మార్చడంలో ఉన్న తెలివి ఇదే.

ఐబీఎం వచ్చిన రోజు

1980లో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్ కోసం ఆపరేటింగ్ సిస్టమ్ వెతుకుతూ పసిఫిక్ గ్రోవ్‌కు వచ్చింది. ఆ ఉదయం కిల్డాల్ తన సొంత విమానం నడుపుకుంటూ ఒక కస్టమర్ దగ్గరికి వెళ్లారు. ఐబీఎం వాళ్లు ముందుగా సంతకం పెట్టమన్న గోప్యత ఒప్పందం ఏకపక్షంగా ఉందని డోరతీ, కంపెనీ లాయరు వెనకాడారు. ఆ తర్వాత ఏం జరిగిందన్నది ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. ఒప్పందం మాత్రం కుదరలేదు.

ఐబీఎం మైక్రోసాఫ్ట్ దగ్గరికి వెళ్లింది. మైక్రోసాఫ్ట్ దగ్గర ఆపరేటింగ్ సిస్టమ్ లేదు. సియాటెల్‌లోనే ఒక చిన్న కంపెనీలో టిమ్ ప్యాటర్సన్ రాసిన 86-డాస్ కొని, దాన్నే డాస్‌గా అందించింది. అది ప్రోగ్రాములకు కనిపించే తీరు సీపీ/ఎంను పోలి ఉంటుంది. కిల్డాల్ అభ్యంతరం చెప్పాక ఐబీఎం సీపీ/ఎం-86ను కూడా అమ్మడానికి ఒప్పుకుంది. ధరలు చూడండి: డాస్ 40 డాలర్లు, సీపీ/ఎం-86 240 డాలర్లు. షాపులో నిలబడ్డ మనిషి ఏది కొంటాడో చెప్పక్కర్లేదు.

ఆ రోజు విమానంలో తిరుగుతూ అదృష్టం పోగొట్టుకున్న మనిషి అన్న కథ అప్పటి నుంచి ఆయన్ను వదల్లేదు. ఈ కథలో అసలు పోయింది ఏమిటంటే, అప్పటిదాకా ఆయన చేసిన పని జనానికి కనిపించకుండా పోవడం. కంపైలర్ సిద్ధాంతం, పీఎల్/ఎం, సీపీ/ఎం, బయోస్, ఇవన్నీ 1980కి ముందే పూర్తయ్యాయి. ఒక్క మీటింగ్ వాటిలో దేన్నీ చెరిపేయలేదు.

పేరు మారింది, సమస్య అదే

డాస్‌లో ఫైళ్ల లెక్క రాసే పద్ధతి వేరు. సీపీ/ఎంలో లాగా బ్లాకు నంబర్లు సూచిక వరుసలో ఉండవు. ఫ్యాట్ అనే విడి పట్టికలో గొలుసులా ఉంటాయి. 32 బైట్ల వరుస, 8 అక్షరాల పేరు, 3 అక్షరాల ఎక్స్‌టెన్షన్ మాత్రం సీపీ/ఎం చూసినవాళ్లకు కొత్తవి కావు. ఫైలు పొడవును బైట్లలోనే కచ్చితంగా రాయడం డాస్ తెచ్చిన మెరుగుదల.

చోటు వృథా మాత్రం వెంటాడుతూనే వచ్చింది. ఫ్యాట్16లో క్లస్టర్లు సుమారు 65 వేలకు మించడానికి లేదు. డిస్కు పెరిగినకొద్దీ క్లస్టర్ పెరగాల్సిందే. 1990ల్లో 2 జీబీ డిస్కు కొన్నవాళ్లకు ఒక్కో క్లస్టర్ 32 కేబీ అయింది. ఒక్క అక్షరం ఉన్న ఫైలుకు కూడా 32 కేబీ! 1996లో వచ్చిన ఫ్యాట్32తో 8 జీబీ డిస్కు దాకా మళ్లీ 4 కేబీకి తగ్గింది. హార్డ్ డిస్కుల తొలినాళ్లలో ఎదురైన చిక్కే 17 ఏళ్ల తర్వాత ఇంకా పెద్ద అంకెలతో తిరిగొచ్చిందన్నమాట.

కిల్డాల్ ఆ తర్వాత కూడా ఖాళీగా కూర్చోలేదు. 1983 నుంచి 1990 దాకా కంప్యూటర్ క్రానికల్స్ అనే టీవీ కార్యక్రమానికి సహ వ్యాఖ్యాతగా ఉండి, కొత్త టెక్నాలజీని మామూలు జనానికి విడమరిచి చెప్పారు. ఆయన పెట్టిన ఇంకో కంపెనీ 1985లో గ్రోలియర్ ఎన్‌సైక్లోపీడియాను సీడీ-రామ్ మీదికి తెచ్చింది. డిజిటల్ రీసెర్చ్ 1988లో డీఆర్ డాస్ విడుదల చేసింది. అందులో వాడింది ఫ్యాట్ పద్ధతే. 1991లో ఆ కంపెనీని నోవెల్ కొనేసింది. 1994 జులైలో మాంటెరేలో తలకు గాయమై, జులై 11న కిల్డాల్ కన్నుమూశారు. వయసు 52 ఏళ్లు. 2014లో ఇంజినీర్ల అంతర్జాతీయ సంస్థ ఐఈఈఈ, పసిఫిక్ గ్రోవ్‌లోని పాత డిజిటల్ రీసెర్చ్ భవనం దగ్గర ఒక ఫలకం పెట్టింది. 1974లో సీపీ/ఎం అక్కడ పుట్టిందన్న గుర్తింపు అది.

మీ మెషీన్‌లో చూసుకోండి

ఇవాళ విండోస్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్, లినక్స్‌లో ఎక్స్‌ట్4 సాధారణంగా 4 కేబీ బ్లాకు వాడతాయి. ఇంకా తగ్గించొచ్చు కదా అంటారా? 1 టీబీ డిస్కును 512 బైట్ల ముక్కలు చేస్తే 214 కోట్లకు పైగా బ్లాకులు. 4 కేబీ చేస్తే 26.8 కోట్లు. లెక్క రాసుకునే భారం ఎనిమిదో వంతుకు తగ్గింది. మన కంప్యూటర్లలో మెమరీ పేజీ కూడా 4 కేబీయే కావడం ఇంకో సౌకర్యం.

పెన్‌డ్రైవ్ సంగతి వేరు. 32 జీబీకి మించిన పెన్‌డ్రైవ్‌ను విండోస్‌లో ఎక్స్‌ఫ్యాట్‌తో ఫార్మాట్ చేస్తే, మార్చకపోతే క్లస్టర్ 128 కేబీ పడుతుంది. 1 కేబీ ఫైళ్లు 10,000 అందులో కాపీ చేయండి. అసలు సమాచారం 10 ఎంబీ కూడా లేదు. పోయే చోటు 1,250 ఎంబీ! అవే ఫైళ్లను ఒక జిప్ చేసి పెడితే సమస్య తీరిపోతుంది. సినిమాలు, వీడియోలు పెట్టుకునే పెన్‌డ్రైవ్‌కైతే ఆ 128 కేబీ మంచిదే.

ఇంకో సరదా ప్రయోగం. నోట్‌ప్యాడ్‌లో ఒక్క అక్షరం రాసి సేవ్ చేయండి. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో దాని ‘సైజ్ ఆన్ డిస్క్’ సాధారణంగా సున్నా అని చూపిస్తుంది. తప్పు కాదు. ప్రతి ఫైలుకూ సూచికలో 1 కేబీ రికార్డు ఎలాగూ ఉంటుంది కాబట్టి, మరీ చిన్న ఫైలును అందులోనే ఇరికించేస్తుంది. విషయసూచికలోనే పాఠం రాసేసినట్టు.

ఇంటర్వ్యూలో అడిగితే

* 10 కేబీ ఫైలు, 4 కేబీ బ్లాకు. ఎంత చోటు పోతుంది? మూడు బ్లాకులు, 12 కేబీ. వృథా 2 కేబీ. దీన్ని ఇంటర్నల్ ఫ్రాగ్మెంటేషన్ అంటారు. ఫైళ్లు బ్లాకు కంటే బాగా పెద్దవైతే సగటున ఒక్కో ఫైలుకు అర బ్లాకు వృథా అని అంచనా వేసుకోవచ్చు.

* లినక్స్‌లో ఎల్‌ఎస్ ఒక సైజు, డీయూ ఇంకో సైజు ఎందుకు చూపిస్తాయి? మొదటిది ఫైలులో ఉన్న బైట్లు. రెండోది డిస్కులో నిజంగా పట్టిన బ్లాకులు. మధ్యలో ఖాళీలున్న స్పార్స్ ఫైలైతే డీయూ అంకె తక్కువగా కూడా రావొచ్చు.

* డిస్కులో చోటున్నా కొత్త ఫైలు పెట్టనివ్వడం లేదు. కారణం? ఐనోడ్‌లు అయిపోయి ఉండొచ్చు. ఎక్స్‌ట్4 ఫార్మాట్ చేసేటప్పుడు మామూలుగా ప్రతి 16 కేబీకి ఒక ఐనోడ్ పెడుతుంది. లక్షల చిన్న ఫైళ్లు పెడితే చోటు కంటే ముందు ఐనోడ్‌లు నిండుకుంటాయి. డీఎఫ్ కమాండ్‌కు మైనస్ ఐ తగిలించి చూడాలి. కిల్డాల్ ఫ్లాపీలో 65వ ఫైలుకు వచ్చిన ఇబ్బందే ఇది.

* హడూప్ హెచ్‌డీఎఫ్‌ఎస్‌లో బ్లాకు 128 ఎంబీ. 1 కేబీ ఫైలు 128 ఎంబీ తింటుందా? తినదు. డిస్కులో అది దాని సైజంతే పడుతుంది. అయితే ప్రతి ఫైలు వివరమూ నేమ్‌నోడ్ మెమరీలో ఉండాలి. చిన్న ఫైళ్లు కోట్లలో ఉంటే బరువు అక్కడ పడుతుంది.

* మరి బ్లాకు సైజు ఎంత పెట్టాలి? వెంటనే అంకె చెప్పకండి. ఏ రకం ఫైళ్లు, సగటు సైజు ఎంత, చదవడం ఎక్కువా రాయడం ఎక్కువా అని తిరిగి అడగండి. ఆ తర్వాతే జవాబు.

ఈ ఐదింటినీ బట్టీ పట్టక్కర్లేదు. 77 ట్రాకులు, 26 సెక్టార్లు, 128 బైట్ల ఆ పాత ఫ్లాపీని కాగితం మీద ఒకసారి వేసుకోండి. బ్లాకు సైజు 2 కేబీ చేస్తే సూచిక ఏమవుతుంది, 512 బైట్లు చేస్తే ఏమవుతుంది అని మీరే కట్టి చూడండి. అరగంట పని. చిన్న అంకెలు కాబట్టి అంతా కళ్ల ముందు కనిపిస్తుంది. ఆ తర్వాత మీ ల్యాప్‌టాప్‌లో ప్రాపర్టీస్ తెరిస్తే ఆ రెండో అంకె ఎక్కడి నుంచి వచ్చిందో మీరే చెప్పగలరు. ఇంటర్వ్యూలో ఎవరైనా గ్యారీ కిల్డాల్ ఎవరని అడిగితే, ఐబీఎం కథ కంటే ముందు చెప్పడానికి మీ దగ్గర చాలా ఉంటుంది.